డ్రోన్‌ని కూల్చక్కర్లేదు, దారి తప్పిస్తే చాలు

హాయ్ అండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు డ్రోన్లతో ఫుడ్ ప్యాకెట్లు, మందులు పంపించారు గుర్తుందా, ఆ మరుసటి నెలే పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్ల షో కూడా చూశాం. మరి అన్ని డ్రోన్లలో ఒక్కోదానికీ తనెక్కడుందో ఎలా తెలుస్తది?

శాటిలైట్ సిగ్నల్‌తో. జీపీఎస్ శాటిలైట్లు 20 వేల కిలోమీటర్ల పైన తిరుగుతుంటాయి, అక్కణ్ణుంచి కిందికొచ్చేసరికి సిగ్నల్ బాగా వీక్ అయిపోద్ది, కింద ఎవడైనా అదే ఫ్రీక్వెన్సీలో గట్టిగా నాయిస్ వదిలాడంటే అసలు సిగ్నల్ ఇక అందదు, అది జామింగ్. జామింగ్‌లో కనీసం సిగ్నల్ పోయిందని డ్రోన్‌కి తెలుస్తది, సెట్టింగ్‌ని బట్టి కిందికి దిగిపోవచ్చు. అసలు భయం స్పూఫింగ్‌తో, అంటే దొంగ సిగ్నల్‌తో డ్రోన్‌ని మోసం చెయ్యడం. మామూలు జనం వాడే జీపీఎస్ సిగ్నల్‌కి లాక్ ఏమీ లేదు, దాని ఫార్మాట్ అందరికీ తెలుసు, కాబట్టి అచ్చం అలాంటి దొంగ సిగ్నల్ తయారుచేసి పంపొచ్చు. మంగళగిరి వెళ్లాల్సిన డ్రోన్ ఇంకెటో పోతుంటది, దాని లెక్కలో మాత్రం అంతా కరెక్టే. బోర్డర్‌లో ఇలా జరిగితే ఏంటో ఆలోచించండి.

దీన్ని పట్టుకోడానికి దారులున్నాయి. నిజం సిగ్నల్స్ ఆకాశంలో తలో దిక్కు నుంచి వస్తాయి, దొంగవి చాలావరకు ఒకే యాంటెన్నా నుంచి వస్తాయి, రెండుమూడు యాంటెన్నాలు పెట్టి దిక్కు చూస్తే దొరికిపోద్ది. లేదంటే జీపీఎస్ చెప్పే చోటుని లోపలి మోషన్ సెన్సర్ చెప్పే లెక్కతో, కెమెరాలో కనిపించే నేలతో పోల్చి చూడాలి. ఇదంతా సిగ్నల్ ప్రాసెసింగ్ అండి, మన విజయవాడ, గుంటూరు కాలేజీల్లో ఈసీఈ పిల్లలు చదివేదే! ఫ్రేము, మోటార్లు బిగించి డ్రోన్ కంపెనీ అనేవాళ్లు చాలామంది ఉన్నారు, నా ఉద్దేశంలో మనోళ్లకి చోటున్నది ఈ లోపలి పనిలోనే. చైనా పార్టులున్నాయని ఆర్మీ 400 డ్రోన్ల ఆర్డర్లు రద్దు చేసిందని 2025లో వార్తలొచ్చాయి కదా, అంటే లోపలి బోర్డు, కోడ్ ఎవరివో ఇప్పుడు గట్టిగా చూస్తున్నారు.

డబ్బు సంగతి. రక్షణ శాఖ 2018లో ఐడెక్స్ (iDEX) అని, రక్షణ రంగంలో కొత్త ఐడియాలకి సాయం చేసే స్కీమ్ మొదలుపెట్టింది, ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ తమ ప్రాబ్లమ్స్‌ని ఛాలెంజ్‌లుగా పెడతాయి, సెలెక్ట్ అయితే ప్రోటోటైప్‌కి (మొదటి నమూనాకి) 1.5 కోట్ల దాకా గ్రాంట్, కానీ దానికి సమానంగా మన వాటా కూడా పెట్టాలి, ఇది చాలామంది చెప్పరు. 2024లో వచ్చిన అదితి స్కీమ్‌లో అయితే 25 కోట్ల దాకా. స్టార్టప్పే కానక్కర్లేదు, ఇండివిడ్యువల్‌గా కూడా ఐడెక్స్‌కి అప్లై చెయ్యొచ్చు. ముందు ఓపెన్‌లో ఉన్న ఛాలెంజ్‌లు మొత్తం చదవండి, కంపెనీ రిజిస్ట్రేషన్ తర్వాత చూసుకోవచ్చు.

ఇంకోటి, దయచేసి వినండి. టెస్టింగ్ పేరుతో మేడ మీద జామరో, దొంగ జీపీఎస్ సిగ్నలో ఆన్ చెయ్యొద్దు, అది నేరం, పైగా పక్కనే గన్నవరం ఎయిర్‌పోర్ట్, విమానాలు కూడా ఈ సిగ్నలే వాడతాయి. సిమ్యులేటర్‌లో చెయ్యండి, లేదంటే సిగ్నల్ గాల్లోకి వదలకుండా రిసీవర్‌కి నేరుగా కేబుల్ పెట్టి చెయ్యండి.