అవ్వకి ‘ప్రాఁద్ర్’ తగిలించొద్దండబ్బా

“టేక్ అంటే ఫ్రెంచ్‌లో ప్రాఁద్ర్, అంతే కదా సార్?” వారానికి ఒకరైనా అడుగుతారు. ఆ ‘అంతే’ దగ్గరే నాకు మండుతుంది.

బస్సు ఎక్కడానికి, ఫోటో తీయడానికి, మాత్ర వేసుకోవడానికి, నిర్ణయం తీసుకోవడానికి ప్రాఁద్ర్ సరిపోతుంది, కాదనను. ఆ ధైర్యంతోనే మొన్న ఒక పిల్లోడు “అవ్వను తిరుమలకి తీసుకెళ్ళాను” అని చెప్పబోయి అవ్వకి కూడా ప్రాఁద్ర్ తగిలించేశాడు. ఫ్రెంచ్‌లో ఊరి పేరు ముందు పెట్టే ‘ఆ’కి ‘కి’ అని, ‘లో’ అని రెండర్థాలూ ఉన్నాయి కదా, కాబట్టి వినేవాళ్ళకి అవ్వ తిరుమలలో ఎక్కడో నిలబడి ఉంటే ఈయన బండి ఆపి ఎక్కించుకున్నట్టు ఉంటుంది.

నిజానికి ఈ తేడా మన చిత్తూరోళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. అవ్వను ఏం చేస్తాం? పిల్చుకొని పోతాం. లడ్లు? ఎత్తుకొని పోతాం. లడ్లను పిల్చుకొని పోయేవాడు ఎవడైనా ఉన్నాడా! ఫ్రెంచ్‌లోనూ అదే లెక్క.

(తెర మీద నాలుగు గళ్ళు)

పిల్చుకొని పోతే ఆఁమ్నే, ఎత్తుకొని పోతే ఆఁపోర్తే. ఇటువైపు పిల్చుకొని వస్తే అమ్నే, ఎత్తుకొని వస్తే అపోర్తే. ‘మ్నే’ వెనక ఉన్నది నడిపించడం, ‘పోర్తే’ అంటే మోయడం. మొదటి అక్షరం ముక్కుతో పలికితే దూరంగా పోయినట్టు, మామూలుగా పలికితే దగ్గరికి వచ్చినట్టు. ప్యారిస్ హోటళ్ళ బోర్డుల మీద కనిపించే ‘ఆ ఆఁపోర్తే’ ఏందో ఇప్పుడు అర్థమైందా? మన పార్సిలే.

మరి అవ్వ 3,550 మెట్లు ఎక్కలేదు కదా అంటారా? బస్సులో పోయినా ఆఁమ్నేనే, ఆఖరికి చంటిబిడ్డను చంకనేసుకొని పోయినా అంతే, మనిషి మనిషే. తమాషా ఏందంటే కారును మెకానిక్ దగ్గరికి తీసుకుపోయినా ఆఁమ్నేనే, ఎందుకంటే అది దాని చక్రాల మీద అదే పోతుంది. ఇక్కడ మాత్రం మన యాస చేతులెత్తేస్తుంది, కారును ఎవరూ పిల్చుకొని పోరు. ఇంకో మాట, ఫ్రెంచ్ వాళ్ళు కూడా మాటల్లో వస్తువులకి అమ్నే వాడేస్తుంటారు. వాళ్ళు వాడితే వాడుక, మనం వాడితే మార్కులు పోతాయి.

అయ్యో, టైమ్ అయిపోతోంది, ఇంగ్లీష్‌లో టేక్ అనే మిగతావి గబగబా చెప్పేస్తా. పరీక్ష రాయడానికి పాసే. పాసే అంటే పాసవడం కాదు నాయనా, రాశావంతే! పాసైతే రేయుసీర్. ఇంట్లో ఫోన్ చేసి చెప్పేముందు ఇది చూసుకోండి. కొండకి గంట పడుతుంది అనాలంటే ‘ఇల్ ఫో యున్ ఎర్’, అంటే గంట కావాల. ‘సా ప్రాఁ’ అన్నా నడుస్తుంది. టేక్ ఆఫ్ అయితే రెండు రకాలు: గుడి ముందు చెప్పులు విప్పితే ఆఁల్వే, రేణిగుంటలో విమానం లేస్తే దెకోలే. దెకోలే అంటే అసలు అర్థం అతికించింది ఊడిపోవడం. నేలకి అంటుకున్న విమానం ఊడి లేచిందన్నమాట.