రెండో ఏడాది ఎవరు చూసుకుంటారు? బడిలో యంత్రాల చరిత్రపై చర్చ

(చెన్నైలోని స్టూడియోలో తెలుగువారి కోసం రికార్డు చేసిన చర్చ నుంచి కొంత భాగం. పాల్గొన్నవారు: విద్యాచరిత్ర పరిశోధకురాలు, ఉపగ్రహ ప్రసారాల ఇంజినీరు, ఇక్కడి తెలుగు మీడియం బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు.)

సమన్వయకర్త: అందరికీ నమస్కారం. బడిలో టెక్నాలజీ అనగానే మనకు ట్యాబ్, స్మార్ట్ బోర్డు గుర్తొస్తాయి. మేడమ్, మీరు ఎక్కడ మొదలుపెడతారు?

పరిశోధకురాలు: మన మద్రాసు ఎగ్మూరులో. 1789లో అక్కడ సైనికుల అనాథ పిల్లల ఆశ్రమాన్ని ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతగురువు చూసుకునేవాడు. ఓ వీధిబడిలో పిల్లలు నేల మీద ఇసుక పరిచి, వేలితో అక్షరాలు దిద్దడం ఆయన కంటపడింది. కాగితం అక్కర్లేదు, సిరా అక్కర్లేదు. తప్పు రాస్తే అరచేత్తో చెరిపేసి మళ్లీ రాసుకోవచ్చు. తన బడిలోనూ అలాగే నేర్పమంటే అక్కడి పంతులు ఒప్పుకోలేదు. దాంతో ఎనిమిదేళ్ల జాన్ ఫ్రిస్కెన్‌కి చిన్నపిల్లల క్లాసు అప్పగించాడు. ఆ కుర్రాడు బాగానే నేర్పాడు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పే ఆ పద్ధతి గురించి బెల్ 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. మద్రాస్ పద్ధతి అన్న పేరుతోనే అది ఇంగ్లండులో వేల బడులకు పాకింది.

మాస్టారు: మన వీధిబడుల్లో ఉన్నదే కదమ్మా అది!

పరిశోధకురాలు: ఉన్నదేనండీ. ఇంగ్లండు దాన్ని ఎందుకు అందిపుచ్చుకుందో చూడాలి. ఒక్క పంతులి జీతంతో వందల మందికి చదువు చెప్పించొచ్చని! చివరికి పిల్లలు అర్థం కాకుండానే వల్లెవేస్తున్నారని ఆ పద్ధతిని వదిలేశారు. కానీ ఆ లెక్క మాత్రం పోలేదు. ఇకపై బడుల్లో పుస్తకాల పని అయిపోయిందని, అన్నీ సినిమా బొమ్మలతోనే నేర్పొచ్చని 1913లో ఎడిసన్ అన్నాడు. 1950లలో అమెరికా మనస్తత్వవేత్త స్కిన్నర్ బోధనా యంత్రం తెచ్చాడు, ప్రశ్న చూపించి పిల్లవాడి జవాబు సరైనదో కాదో వెంటనే చెప్పే పెట్టె. ప్రతిసారీ పంతులి పని తగ్గుతుందన్న ఆశే.

ఇంజినీరు: అన్నిటినీ ఒకే గాటన కట్టకండి మేడమ్. సైట్ ప్రయోగం, అంటే ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు పంపిన ప్రయోగం, అలాంటిది కాదు. నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మనకు ఒక్క ఏడాదికి ఇచ్చింది, 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలు. అందులో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ఉన్నాయి. అంతకుముందు టీవీ ముఖం చూడని ఊళ్లే ఎక్కువ. కరెంటు లేని కొన్నిచోట్ల సెట్లను బ్యాటరీల మీద నడిపారు. పైకప్పు మీద పెట్టిన యాంటెనా దేంతో చేశారో తెలుసా? కోళ్ల గూళ్లకు కొట్టే ఇనుప వలతో!

సమన్వయకర్త: వలలోంచి సిగ్నల్ జారిపోదా?

ఇంజినీరు: పోదండీ. ఆ తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. వల కన్నాలు అంతకన్నా బాగా చిన్నవి కాబట్టి తరంగానికి అది రేకుతో సమానం. పైగా ఉపగ్రహం యాంటెనాయే 9 మీటర్లు, సిగ్నల్ బలంగా వచ్చేది. అందుకే కింద 3 మీటర్ల వల గొడుగు సరిపోయింది. ఇంకోటి, ఉదయం బడి కార్యక్రమాలకు గంటన్నర టైముంటే హిందీ, ఒరియా, కన్నడ, తెలుగు పంచుకోవాలి. తెలుగు పిల్లల వాటాకు 20 నిమిషాల చిల్లర దక్కేది. అదే టీవీతో వేలమంది టీచర్లకు సైన్సు శిక్షణ కూడా ఇచ్చారు. టీచర్ని తీసేయడానికి కాదు, టీచర్‌కి నేర్పడానికి వాడారు.

మాస్టారు: బాగుంది సార్. ఏడాది తర్వాత?

ఇంజినీరు: ఉపగ్రహం వెనక్కి వెళ్లిపోయింది. తర్వాత కొన్ని ప్రాంతాలకు భూమ్మీది ట్రాన్స్‌మిటర్లతో ప్రసారాలు అందాయి. మిగతావాళ్లు మన సొంత ఉపగ్రహం ఇన్సాట్ కోసం ఎదురుచూడాల్సి వచ్చింది.

మాస్టారు: అదే నేననేది! మా బడికి ఓ దాత ప్రొజెక్టర్ ఇచ్చారు. మొదటి ఏడు పిల్లలకు పండగే. నేను త్రికోణాలు తిప్పి చూపిస్తుంటే వెనక బెంచీవాళ్లు కూడా ముందుకొచ్చేవాళ్లు. తర్వాత బల్బు పోయింది. కొత్తది కొనాలంటే ఆ ఖర్చు ఏ పద్దు కింద రాయాలో ఎవరికీ తెలియలేదు. ప్రొజెక్టరుకు దాత ఉన్నారు, బల్బుకు లేరు. అది బీరువాలోకి పోయింది. నేను రిటైరయ్యే నాటికీ అక్కడే ఉంది. ఇసుకకు ఆ బాధ లేదు కదా!

పరిశోధకురాలు: 1984లో బడుల్లో కంప్యూటర్ పరిచయం చేయడానికి ప్రభుత్వం పెట్టిన క్లాస్ పథకం కింద సుమారు 250 బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చినప్పుడూ ఇదే ప్రశ్న. పాడైతే ఎవరు బాగుచేస్తారు, టీచర్‌కి ఎవరు నేర్పుతారు?

ఇంజినీరు: 2004లో మనకు దగ్గర్లోని శ్రీహరికోట నుంచే ఎడ్యుశాట్ వెళ్లింది, అచ్చంగా చదువుల కోసమే. ఉపగ్రహం పంపే దాకా మాది. క్లాసులో సెట్ రోజూ ఆన్ అవుతోందా అన్నది ఇంకొకరి చేతిలో ఉంటుంది. ఆ అతుకు దగ్గరే తెగుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఎన్‌పీటీఈఎల్ సంగతేంటి? ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి తెచ్చిన పాఠాలు. ఐఐటీ మద్రాసు నుంచే నడుస్తాయి. నెట్ ఉంటే చిత్తూరు జిల్లా పల్లెలో ఉన్న ఇంజినీరింగ్ కుర్రాడు కూడా ఫ్రీగా చూడొచ్చు. బల్బు గొడవ లేదు.

మాస్టారు: వాడికి చదవాలన్న పట్టు ఉంది కాబట్టి చూస్తాడు. నా ఆరో తరగతి పిల్లకు భిన్నాలు రావు, ఏది రావట్లేదో కూడా తెలియదు. కరోనా టైములో ఇంట్లో ఒకే ఫోను. అది నాన్నతో పాటు పనికి పోయేది. రాత్రి ఫోను ఇంటికొచ్చాక ఆ పిల్ల పాఠం వీడియో చూసి, పొద్దున నాకు ఫోన్ చేసి, "సార్, కింద ఉన్న అంకె ఎందుకు కూడకూడదు?" అని అడిగేది. ఆ ప్రశ్న వీడియోను అడగలేదు కదా.

ఇంజినీరు: వీడియో చూడబట్టే ఆ ప్రశ్న పుట్టింది మాస్టారూ.

మాస్టారు: కాదనను. రెండూ కావాలి.

సమన్వయకర్త: మరి బడులు ఇప్పుడేం చేయాలి? టైము దగ్గరపడింది, ఒక్కొక్కరు ఒక్క మాట.

పరిశోధకురాలు: ఏ పరికరం కొన్నా టీచర్ల పోస్టులు తగ్గించబోమని ముందే రాసివ్వాలి.

ఇంజినీరు: సైట్‌లో ప్రతి ప్రాంతానికీ రిపేరు కేంద్రం పెట్టారు. ఇప్పుడు మండలానికి ఒకటైనా ఉండాలి.

మాస్టారు: కొనేటప్పుడే ఐదేళ్ల ఖర్చు బిల్లులో కలపాలి. బల్బుతో సహా.