బ్రిటన్‌లో బెనిఫిట్ డబ్బు నిజంగా ఎవరి చేతికి వెళ్తోంది?

"మనం గొడ్డుచాకిరీ చేసి టాక్సులు కడుతుంటే, వాళ్ళేమో బెనిఫిట్ల మీద కూర్చుని తింటున్నారు." బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళు నలుగురు చేరితే ఈ మాట రాక మానదు. ఇంగ్లిష్ వాళ్ళ నోటా ఇదే మాట. వినీ వినీ విసుగొచ్చి చేస్తున్న వీడియో ఇది. బెనిఫిట్లంటే ప్రభుత్వం జనానికి ఇచ్చే సాయం డబ్బు. అందులో యూనివర్సల్ క్రెడిట్ అనేది ఆదాయం తక్కువున్నవాళ్ళకీ, పని లేనివాళ్ళకీ నెలనెలా ఇచ్చేది. నేరుగా లెక్కలోకి వెళ్దాం.

2012 చివర్లో అక్కడి కార్మిక సంఘాల సమాఖ్య టీయూసీ, యూగవ్ సంస్థతో ఒక సర్వే చేయించింది. సంక్షేమ బడ్జెట్‌లో నిరుద్యోగులకు ఎంత పోతోంది అని అడిగితే, జనం సగటున చెప్పింది 41 శాతం. అసలు లెక్క 3 శాతం. మోసం చేసి తీసుకునేది ఎంతంటే 27 శాతం అన్నారు. అప్పటి ప్రభుత్వ అంచనా 0.7 శాతం.

[స్క్రీన్ మీద: నిరుద్యోగులు 41 / 3. మోసం 27 / 0.7]

ఆ తర్వాత మోసం పెరిగింది, ఆ సంగతీ చెప్పాలి. 2024-25లో పని, పింఛన్ల శాఖ డీడబ్ల్యూపీ లెక్క ప్రకారం మొత్తం బెనిఫిట్ ఖర్చులో మోసం 2.2 శాతం. సంపాదన తక్కువ చూపించడం, బ్యాంకులో ఉన్న డబ్బు దాచిపెట్టడం, జంటగా ఉంటూ ఒంటరినని రాయడం, ఎక్కువగా ఇవే. తప్పే, పట్టుకోవాల్సిందే. కానీ జనం మనసులో ఉన్న 27 ఎక్కడ, ఈ 2.2 ఎక్కడ!

మరి డబ్బంతా ఎటు పోతోంది? దాదాపు సగం పింఛను వయసు దాటినవాళ్ళకి. స్టేట్ పెన్షన్ కూడా ఈ ఖాతాలోదే. కానీ "బెనిఫిట్ల ఖర్చు" అనగానే ఎవరికీ పక్కింటి పెద్దాయన పింఛను గుర్తుకు రాదు, పనీపాటా లేని కుర్రాడే గుర్తొస్తాడు. మిగతా సగంలో వికలాంగులు, జబ్బుపడ్డవాళ్ళు, పిల్లలున్న కుటుంబాలు, ఇంటద్దెలు. ఇంకో సంగతి: యూనివర్సల్ క్రెడిట్ తీసుకునేవాళ్ళలో ఇంచుమించు మూడో వంతు ఉద్యోగం చేస్తున్నవాళ్ళే.

వలస వచ్చినవాళ్ళ మీద కూడా ఇదే నింద కదా, అదీ చూద్దాం. స్టూడెంట్ వీసా, స్కిల్డ్ వర్కర్ వీసా మీద వెళ్ళిన మనవాళ్ళకి "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్", అంటే ప్రభుత్వ సాయం తీసుకోకూడదు అన్న షరతు ఉంటుంది. యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్, ఆదాయం తక్కువున్నవాళ్ళకి కౌన్సిల్ టాక్స్‌లో (ఇంటి పన్నులో) ఇచ్చే తగ్గింపు, ఏవీ రావు. పాప అక్కడే పుట్టింది కదా అని చైల్డ్ బెనిఫిట్ ఫారం నింపేస్తుంటారు కొందరు. చూసేది తల్లిదండ్రుల వీసా. తీసుకుంటే షరతు ఉల్లంఘించినట్టే. అలాగని అన్నిటికీ భయపడనక్కర్లేదు. ప్రసవ సెలవులో యజమాని ఇచ్చే స్టాట్యుటరీ మెటర్నిటీ పే పబ్లిక్ ఫండ్స్ కిందికి రాదు, మీ ఉద్యోగం మీద వచ్చే హక్కు అది. వదులుకోకండి.

ఇప్పుడు అసలు విషయం. 2012 అక్టోబర్‌లో బర్మింగ్‌హామ్‌లో కన్జర్వేటివ్ పార్టీ సభలో అప్పటి ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ ఒక బొమ్మ గీశాడు. తెల్లారకముందే షిఫ్టుకి బయల్దేరిన కార్మికుడు, పక్కింటి కిటికీకి ఇంకా దించే ఉన్న బ్లైండ్లు, లోపల బెనిఫిట్ల మీద నిద్రపోతున్న పొరుగువాడు. ఆ బొమ్మ బాగా పనిచేసింది. పనిచేసేవాడొకడు, బెనిఫిట్ తీసుకునేవాడు ఇంకొకడు అని జనం నమ్మారు. ఇద్దరూ ఒకరే అయితే?

లెస్టర్‌లో ఒకావిడ ఉందనుకుందాం. సూపర్‌మార్కెట్‌లో పని. ఒంటరి తల్లి, వయసు ముప్ఫై, 2016లో పుట్టిన పాప, అద్దె నెలకి 600 పౌండ్లు. ఆవిడకి వచ్చే యూనివర్సల్ క్రెడిట్ నెలకి ఎన్ని పౌండ్లో 2025-26 రేట్లతో లెక్కేద్దాం.

[స్క్రీన్ మీద ఒక్కో అంకె వస్తుంది]

తన కోసం 400.14. పాప కోసం 339. అద్దె 600. మొత్తం 1,339.14. ఆవిడ జీతం వెయ్యి పౌండ్లు. అందులో మొదటి 411 ముట్టుకోరు, దీన్ని వర్క్ అలవెన్స్ అంటారు. మిగిలిన 589లో పౌండుకి 55 పెన్నీల చొప్పున బెనిఫిట్‌లో కోస్తారు. అంటే 323.95 పోతుంది. చేతికొచ్చే యూనివర్సల్ క్రెడిట్ 1,015.19.

ఇప్పుడు లెస్టర్ ఆవిడ ఇంకొన్ని షిఫ్టులు ఒప్పుకుంది. జీతం నెలకి 1,048 దాటాక ఇన్‌కమ్ టాక్స్ 20 శాతం, నేషనల్ ఇన్సూరెన్స్ (పింఛను వగైరాల కోసం జీతంలో కోసే చందా) 8 శాతం మొదలవుతాయి. ఆ గీత దాటాక అదనంగా వంద సంపాదిస్తే, 28 అక్కడే పోయి 72 మిగిలింది. ఆ 72లో 55 శాతం, అంటే 39.60, బెనిఫిట్‌లో తెగింది. మిగిలింది 32 పౌండ్ల 40 పెన్నీలు. 2025-26లో కనీస వేతనం గంటకి 12.21. ఆవిడ చేతికి వచ్చేది గంటకి నాలుగు పౌండ్లు కూడా కాదు. బస్సు ఛార్జీ, పాపని చూసుకునే మనిషి ఖర్చు ఇంకా లెక్కలోకి రాలేదు. ఏడాదికి రెండు లక్షల పౌండ్లు సంపాదించేవాడికి చివరి వందలో 53 మిగులుతుంది. ఇంత కోత పెట్టి, అదనంగా పనిచెయ్యలేదేం అని ఆవిణ్ణి బద్ధకస్తురాలు అనడం ఘోరం.

ఇంకో చిక్కు. ఈవిడకి జీతం నెలకోసారి కాకుండా నాలుగు వారాలకోసారి వస్తుందనుకోండి. సూపర్‌మార్కెట్లలో ఇది మామూలే. ఏడాదికి 13 జీతాలు. యూనివర్సల్ క్రెడిట్ మాత్రం మీరు అప్లై చేసిన తేదీ నుంచి నెల చొప్పున లెక్క చూస్తుంది. ఒక నెల రెండు జీతాలు పడతాయి, కంప్యూటర్ ఆవిడ సంపాదన రెట్టింపైందనుకుని ఆ నెల బెనిఫిట్ ఇంచుమించు 465కి దించేస్తుంది. రెండో జీతం అప్పటికే ఖర్చయిపోయి ఉంటే అద్దె ఆగిపోతుంది. నెల జీతం వాళ్ళకీ, సెలవు రోజు వల్ల జీతం ముందే పడితే ఇదే అయ్యేది. నలుగురు ఒంటరి తల్లులు కోర్టుకెళ్ళి 2020లో కోర్ట్ ఆఫ్ అప్పీల్‌లో గెలిచారు, నియమం మారింది. నాలుగు వారాల జీతం వాళ్ళకి మారలేదు. ఆ నెల ఎప్పుడొస్తుందో ముందే క్యాలెండర్ మీద గుర్తుపెట్టుకుని డబ్బు పక్కన పెట్టుకోవడమే దారి.

జనం అభిప్రాయానికీ ఈ నియమాలకీ లంకె ఉంది. బ్రిటిష్ సోషల్ ఆటిట్యూడ్స్ సర్వే 1983 నుంచి నడుస్తోంది. 1980ల చివర్లో "పన్నులు పెరిగినా సరే, పేదలకి ఇంకా ఖర్చుపెట్టండి" అన్నవాళ్ళు సగానికి పైగా. 2010 వచ్చేసరికి మూడో వంతు కన్నా కిందికి పడిపోయారు. ఆ గాలి చూసుకునే 2013 నుంచి మూడేళ్ళు పని వయసువాళ్ళ బెనిఫిట్లలో చాలావాటి పెంపుని 1 శాతం దగ్గర ఆపారు, 2016 నుంచి నాలుగేళ్ళు అసలు పెంచనేలేదు. సరుకుల ధరలు ఆగలేదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. 2017 ఏప్రిల్ తర్వాత పుట్టిన మూడో బిడ్డకి డబ్బు ఇచ్చేది లేదన్నారు. బిడ్డ పుట్టాక భర్త పోయినా, ఉద్యోగం పోయినా అంతే. 2026 ఏప్రిల్ నుంచి ఎత్తేస్తామని 2025 నవంబర్ బడ్జెట్‌లో ప్రకటించారు. కొత్తగా అప్లై చేస్తే మొదటి డబ్బుకి ఐదు వారాలు ఆగాలి. ఈలోగా అడ్వాన్స్ ఇస్తారు, అది అప్పు, 24 నెలల పాటు నెలనెలా కోస్తారు. బ్యాంకులో 16,000 పౌండ్లు దాటితే అసలు రాదు.

చివరగా కేరర్స్ అలవెన్స్. మంచాన పడ్డ తల్లినో భర్తనో వారానికి 35 గంటలు చూసుకునేవాళ్ళకి 2025-26లో వారానికి 83.30 పౌండ్లు. ఆ ఏడాది బయట సంపాదన పన్నులు, అనుమతించిన ఖర్చులు పోను వారానికి 196 దాటకూడదు. ఒక్క పౌండు దాటినా ఆ వారం అలవెన్స్ మొత్తం పోతుంది, ఇక్కడ 55 పెన్నీల మెట్లు లేవు. డీడబ్ల్యూపీకి పన్ను శాఖ నుంచి సమాచారం వస్తున్నా ఏళ్ళ తరబడి పట్టించుకోకపోవడంతో, చాలామంది మీద వేల పౌండ్ల బాకీ పడింది. అందుకే కేరర్లు ఎవరైనా ఒక గంట ఎక్కువ చేసినా, హాలిడే పే కలిసినా, కనీస వేతనం పెరిగినా ఆ వారమే లెక్క చూసుకుని డీడబ్ల్యూపీకి తెలియజెయ్యాలి, ఆ ఉత్తరాల కాపీ దగ్గర పెట్టుకోవాలి.