లెక్క గన్నవరం నుంచి కాదు, గడప నుంచి

వేదిక మీది పెద్దలకూ, సభలోని అమ్మలకూ అయ్యలకూ నమస్కారం. నేరుగా విషయంలోకి వస్తాను.

గుంటూరు నుంచి హైదరాబాదుకు విమాన దూరం ఎంతని ఫోనులో కొట్టి చూడండి. 240 కిలోమీటర్లు, అరగంట ప్రయాణం అన్నట్టుగా వస్తుంది. ఆ లెక్క పట్టుకుని ఇల్లు కదలొద్దని చెప్పడానికే నిలబడ్డాను. అది ఊరి నడిబొడ్డు నుంచి ఊరి నడిబొడ్డుకు గీసిన గీత. గుంటూరులో మనం టికెట్టు కొని ఎక్కే విమానమే లేదు. ముందు ఈశాన్యంగా 55 కిలోమీటర్ల దాకా రోడ్డు మీద, విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం పోవాలి, అక్కడ ఎక్కి పడమరకు తిరగాలి. గన్నవరం నుంచి శంషాబాదుకు నేరు దూరం సుమారు 264 కిలోమీటర్లు.

ఈ దారిలో తిరిగే చిన్న పంకాల విమానం, ఏటీఆర్ అంటారు, పైకెక్కాక గంటకు 500 కిలోమీటర్లు పోతుంది. భాగిస్తే 32 నిమిషాలు. మరి టికెట్టు మీద గంట ఎందుకుంటుంది? టికెట్టు మీది టైము చక్రాలు నేల వదిలే టైము కాదండీ. విమానం నిలిపిన చోటు నుంచి కదలడం మొదలు, అక్కడ నిలిపే చోట ఆగేదాకా లెక్క. రన్‌వే చివరికి నెమ్మదిగా పోవాలి, ఎత్తు ఎక్కేటప్పుడు వేగం 300 చిల్లరే, దిగేముందు రన్‌వేకు ఎదురుగా వచ్చేలా చుట్టు తిరగాలి. ఇంత చిన్న దూరంలో పూర్తి వేగంతో పోయేది కాసేపే. ఢిల్లీ అయితే 1,390 కిలోమీటర్లు. జెట్ గంటకు 830 పోతుంది కాబట్టి గాల్లో గంటా నలభై, టికెట్టు మీద రెండుంబావు, రెండున్నర. గల్ఫుకు పోయేవాళ్లకు ఇంకో తిరకాసుంది. సాయంత్రం 6కి ఎక్కితే 8.30కి షార్జా అని రాసి ఉందనుకోండి, అది రెండున్నర గంటలు కాదు, నాలుగు. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక.

సరే, మన హైదరాబాదుకు వద్దాం. వెనక వరసలో ఉన్న తమ్ముళ్లూ, ఇంట్లో పెద్దవాళ్లకు టికెట్లు తీసేది మీరే, ఇది వినండి. ఉదయం 7 గంటల విమానం. గేటు 6.35కే మూసేస్తారు. సామాను తీసుకునే కౌంటరు 6కే మూస్తారు. వరసలో నిలబడటానికి అరగంట. అంటే 5.30కి గన్నవరంలో ఉండాలి. గుంటూరులో 4కి కారు కదలాలి. అదే సాయంత్రం విమానమైతే కృష్ణ మీది వారధి దాటాక బెంజి సర్కిల్, రామవరప్పాడు, ఎనికేపాడు దగ్గర బండ్లు ఆగి ఆగి కదులుతాయి, ఇంకో అరగంట కలపండి. ఏడుకు ఎగిరి ఎనిమిదికి దిగినా, సామాను బెల్టు దగ్గర పావుగంట, ఊళ్లోకి గంట. తెల్లవారి నాలుగుకు బయలుదేరిన మనిషి సికింద్రాబాదులో ఇంటికి చేరేది తొమ్మిదింబావు దాటాకే. కారులో పోయినా దాదాపు అంతే పడుతుంది!

కాబట్టి ఒక్క హైదరాబాదు పనికే అయితే రోడ్డో రైలో చూసుకోండి. శంషాబాదులో ఇంకో విమానం మారేవాళ్లకు మాత్రం గన్నవరంలో ఎక్కడమే మేలు. కాకపోతే రెండు ప్రయాణాలూ ఒకే టికెట్టు మీద ఉండాలి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమైనా రెండోది ఆగదు, డబ్బూ తిరిగిరాదు. డిసెంబరు, జనవరి పొగమంచులో గన్నవరంలో ఉదయం విమానాలు దిగలేక ఆలస్యమవుతుంటాయి. ఆ నెలల్లో విమానం మారేవాళ్లు ఉదయం మొదటి విమానం కాకుండా ముందు రోజు సాయంత్రం విమానానికే టికెట్టు తీయండి.