హద్దులున్న చోటే కథ పుడుతుంది
(ఎమర్జెన్సీ టీమ్‌ల టీవీ డ్రామాల మీద ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో టీవీకి కథలు రాద్దామనుకునేవాళ్లు ఎక్కువమంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. కాబట్టి ఫలానా సీరియల్ బాగుంది, ఫలానాది బాగాలేదు అని మార్కులు వేస్తూ కూర్చోను. అంబులెన్స్, హెలికాప్టర్, రక్తం, పరుగులు అన్ని డ్రామాల్లోనూ ఉంటాయి. అయినా కొన్ని మనల్ని కుర్చీ అంచున కూర్చోబెడతాయి, కొన్ని ఆవలింతలు తెప్పిస్తాయి. ఎందుకు? నాకు తోచిన జవాబు ఇది: రక్షించడానికి వచ్చిన మనిషికి ఏది చేతకాదో, ఏది చేయడానికి అనుమతి లేదో రచయితకు తెలిసినప్పుడే టెన్షన్ నిలబడుతుంది.

1972 జనవరిలో అమెరికాలో ఎన్‌బీసీ ఛానెల్ ‘ఎమర్జెన్సీ!’ అనే సీరియల్ మొదలుపెట్టింది. లాస్ ఏంజిల్స్ కౌంటీ ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే జానీ గేజ్, రాయ్ డిసోటో అనే ఇద్దరు పారామెడిక్‌లు, అంటే డాక్టర్లు కాకపోయినా ఘటనా స్థలంలోనే అత్యవసర చికిత్స చేసేవాళ్లు, అందులో హీరోలు. పారామెడిక్ అనే మాటే అప్పటికి చాలామంది విని ఉండరు. అంబులెన్స్ అంటే మనిషిని ఎక్కించుకుని వేగంగా ఆస్పత్రికి పోయే బండి, అంతే. అక్కడ చాలా ఊళ్లలో అంత్యక్రియలు జరిపించే సంస్థల వాళ్లే అంబులెన్సులు కూడా నడిపేవారు. (రెండు వ్యాపారాలూ ఒకరి చేతిలోనే ఉంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.) డాక్టర్ కానివాడు రోడ్డు మీద సెలైన్ ఎక్కించవచ్చా, గుండెకు షాక్ ఇవ్వవచ్చా అన్నది చట్టం తేల్చాల్సిన ప్రశ్న. కాలిఫోర్నియా 1970లో వెడ్‌వర్త్-టౌన్‌సెండ్ చట్టంతో దానికి దారి తెరిచింది. సీరియల్‌కు ముందు నమూనాగా వచ్చిన పైలట్ సినిమా కథ ఈ చట్టం చుట్టూనే తిరుగుతుంది. పారామెడిక్‌ల ఆలోచనే నచ్చని డాక్టర్ బ్రాకెట్ చివరికి దానికి మద్దతుగా నిలబడతాడు. అసెంబ్లీలో పాసవ్వాల్సిన బిల్లుతో సస్పెన్స్ పుట్టించారంటే వాళ్లను మెచ్చుకోవాల్సిందే.

ఆ తర్వాత ప్రతి ఎపిసోడ్‌లోనూ వచ్చేది రేడియో. రోగి పక్కన మోకాళ్ల మీద కూర్చున్న పారామెడిక్ బీపీ, నాడి చెబుతాడు. అవతల ఆస్పత్రిలో డాక్టర్ విని, ఫలానా మందు ఇవ్వమంటాడు. అప్పుడే సూది బయటికి వస్తుంది. మందు చేతిలో ఉంది, వాడటం వచ్చు, కానీ అనుమతి రావాలి. రేడియో సరిగా కలవకపోతే? ఆ ఒక్క ‘పోతే’ మీద ఆరు సీజన్లు బండి నడిచింది. ఆ సీరియల్ చూసి, మన ఊళ్లో ఇలాంటి సర్వీసు ఎందుకు లేదని జనం అడగడం మొదలుపెట్టారని పారామెడిక్ వృత్తి చరిత్ర గురించి చెప్పేవాళ్లు అంటారు. అందులో వాడిన హెల్మెట్లు, రేడియో సెట్టు 2000లో స్మిత్సోనియన్ మ్యూజియంకు చేరాయి.

ఇక్కడ ఒక పక్క మాట. అంతకు ముందే, 1967లో, పిట్స్‌బర్గ్‌లో ఫ్రీడమ్ హౌస్ అనే అంబులెన్స్ సర్వీసు మొదలైంది. నల్లజాతి యువకులకు డాక్టర్ పీటర్ సఫార్ దగ్గరుండి శిక్షణ ఇప్పించారు. టీవీ హీరోలకన్నా ముందే వాళ్లు ఈ పని చేశారు. 1975లో దాన్ని మూసేశారు. 2025లో వచ్చిన ‘ది పిట్’ అనే ఆస్పత్రి సీరియల్‌లో ఒక వృద్ధ రోగి నోట ఆ కథ వినిపిస్తుంది. కథగా చూసినా అది చాలా బలమైనది. తెర మీదికి రావడానికి అన్నేళ్లు పట్టిందంటే, ఎవరి సాహసం టీవీకి పనికొస్తుందో ముందే ఎవరో నిర్ణయించారన్నమాట.

హద్దులు దేశాన్నిబట్టి మారతాయి. కొన్ని చోట్ల పారామెడిక్ రోగిని ఆస్పత్రికి తెస్తాడు, కొన్ని చోట్ల డాక్టరే రోగి దగ్గరికి వెళతాడు. జపాన్‌లో డాక్టర్ హెలికాప్టర్ల కోసం 2007లో ప్రత్యేక చట్టం వచ్చింది. మరుసటి ఏడాదే ఫుజి టీవీలో ‘కోడ్ బ్లూ’ మొదలైంది. హెలికాప్టర్ దిగే యువ డాక్టర్లకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. వాళ్ల హద్దు వేరు: ఆపరేషన్ థియేటర్ లేదు, సంచిలో పట్టినంత సామానే ఉంది, నిర్ణయం తప్పితే భారం తమదే. అందుకే అది యువ డాక్టర్ల భయం గురించిన కథ అయింది. 1998లో మొదలైన జర్మన్ సీరియల్ ‘మెడికాప్టర్ 117’ కూడా హెలికాప్టర్ కథే, కానీ అందులో నాకు గుర్తుండిపోయినవి పేలుళ్లు మాత్రమే.

2021లో వచ్చిన జపాన్ సీరియల్ ‘టోక్యో ఎంఇఆర్’ (మొబైల్ ఎమర్జెన్సీ రూమ్) ఇంకో తరహా. ఆపరేషన్ థియేటర్‌నే లారీలోకి ఎక్కించి ఘటనా స్థలానికి పంపుతారు. ప్రతి ఘటన చివరా ‘మృతులు సున్నా’ అనే ప్రకటన. నమ్మశక్యం కాదు. కానీ రచయిత తెలివి అక్కడే ఉంది. ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్ సున్నా వినిపిస్తుంటే, అది ఎప్పుడు ఒకటి అవుతుందోనని మనమే లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాం.

ఇక అబద్ధాల సంగతి. మానిటర్ మీద గీత తిన్నగా సాగిపోగానే తెర మీద డాక్టర్ షాక్ ఇస్తాడు, రోగి ఎగిరిపడతాడు. నిజానికి గుండెలో విద్యుత్తు పూర్తిగా ఆగినప్పుడు షాక్ పనిచేయదు. గుండె లయ తప్పి గజిబిజిగా వణుకుతున్నప్పుడు ఆ గజిబిజిని ఆపడానికే షాక్. గీత తిన్నగా ఉంటే చేయాల్సింది ఛాతీ నొక్కడం, అడ్రినలిన్ ఇవ్వడం. అది చూడటానికి అంత బాగుండదు. పెద్దవాళ్లకయితే నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. పక్కటెముకలు విరగొచ్చు. బతికున్న నటుడి ఛాతీని అలా నొక్కలేం కదా, అందుకే తెర మీద చేతులు మోచేతుల దగ్గర మడతపడి ఊగుతుంటాయి.

1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. మూడు అమెరికన్ కార్యక్రమాల 97 ఎపిసోడ్లు చూసి, సీపీఆర్ (గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి, ఊపిరి అందించడం) చేసిన 60 సందర్భాలను లెక్కగట్టారు. 75 శాతం మంది అప్పటికి బతికారు. 67 శాతం మంది ఇంటికి కూడా వెళ్లారట. ఆస్పత్రి బయట గుండె ఆగినవారిలో బతికి బయటపడేవాళ్లు నిజంలో అందులో చిన్న వంతే. జనానికి తప్పుడు ఆశ కలుగుతుందన్నది డాక్టర్ల ఫిర్యాదు. రచయితలుగా మన నష్టం ఇంకోటి ఉంది. అందరూ లేచి కూర్చునే చోట నాకు ఎవరి గురించీ బెంగ ఉండదు.

ఇంతవరకు మనం బండి వచ్చాక జరిగేదే మాట్లాడుకున్నాం. గుండె ఆగాక సీపీఆర్, షాక్ అందని ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతూ పోతుంది. బండి వచ్చేలోపు రోగి పక్కన ఉండేది భార్యో, కొడుకో, దారిన పోయేవాడో. వాళ్లకు తోడు ఫోన్‌లో ఒక గొంతు, ఎమర్జెన్సీ కాల్ అందుకున్న ఆపరేటర్ది. ఆ గొంతుకున్న హద్దులు చూడండి: రోగి కనిపించడు, చేయి వేయడానికి లేదు, అవతలివాళ్లు ఏడుస్తున్నా అడ్రస్ రాబట్టాలి, ఎక్కడ నొక్కాలో చెప్పి తనే లెక్కపెట్టాలి. టీమ్ చేరగానే ఫోన్ పెట్టేయాలి. ఆ మనిషి బతికాడో లేదో తెలియకముందే ఇంకో ఫోన్ మోగుతుంది.

అమెరికా ఎమర్జెన్సీ ఫోన్ నంబరే పేరుగా 2018లో మొదలైన సీరియల్ ‘9-1-1’ ఈ పాత్రను ముందుకు తెచ్చింది, అది దాని గొప్ప. రెండో సీజన్ నుంచి వచ్చే ఆపరేటర్ మ్యాడీని నేను శ్రద్ధగా చూశాను. కానీ ఆమె తమ్ముడు బక్ అదే ఊళ్లో ఫైర్ టీమ్‌లో ఉంటాడు. ఏం జరిగిందో ఆమెకు, మనకు, ఎలాగోలా తెలిసిపోతుంది. తెలియకపోవడాన్ని భరించే ధైర్యం ఆ రచయితలకు చాల్లేదని నా అనుమానం. తమ్ముడిని తీసేసి ఆ పాత్రను రాయగలిగినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే ఆ స్క్రిప్ట్ నాకు ఇవ్వండి, చదువుతాను.