జిగురు ఉడికేలోగా

అందరికీ నమస్కారం. మైకు పట్టుకునే ముందు ఈ చిన్న స్టవ్ వెలిగించుకోనివ్వండి. గిన్నెలో ఏముందో ముందు వరసలో కూర్చున్న పిల్లలకి తెలుసు, ఇందాక కలిపింది వాళ్ళే. రెండు చెంచాల మైదా, ఒక కప్పు చన్నీళ్ళు. ఉండలు లేకుండా కలపమంటే ఒక పాప గరిటె పక్కన పడేసి చెయ్యి ముంచేసింది. ఉండల్ని వేళ్ళతో వెతికి పట్టుకుని ఒక్కొక్కటీ చిదిమింది. నా గరిటె కన్నా ఆ వేళ్ళే నయం. ఇది సన్నటి సెగ మీద తెల్లదనం పోయి కాస్త మెరుపు వచ్చేదాకా ఉడకాలి. చల్లారితే జిగురు. నేను మాట్లాడేదంతా ఈ లోపలే.

మన విశాఖలో 31 ఏళ్ళు నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలతో గడిపాను. రిటైరయ్యాక కూడా రైతుబజార్లో వంకాయలు ఏరుకుంటుంటే ఎవరో ఒకరు ఆపి అడుగుతారు, "మేడమ్, మా బాబు ఫోన్ వదలట్లేదు, ఏదైనా క్రాఫ్ట్ కిట్ చెప్పండి" అని. కిట్లు నేనూ కొన్నాను, మనవరాలి కోసం. డబ్బా విప్పితే చేప బొమ్మ ముక్కలు కత్తిరించే ఉన్నాయి, రంగు వేసే ఉంది, వెనక జిగురు పూసే ఉంది. పిల్లకి మిగిలిందల్లా కాగితం ఊడదీసి అంటించడం. వంటంతా మనమే చేసేసి, చివర్లో కొత్తిమీర మాత్రం పిల్లచేత చల్లించినట్టు. పది నిమిషాల్లో అయిపోయింది. పదకొండో నిమిషానికి ఫోన్ అడిగింది.

నేను చెప్పేది ఒకటే. బొమ్మ సంగతి తర్వాత చూసుకోవచ్చు. జిగురు ఉడకబెట్టడం, రంగు తియ్యడం, పిండి మెదపడం, ఆకు చీల్చడం, పిల్లలకి అసలు ఆట అక్కడుంది. సరిగ్గా ఆ భాగాన్నే మనం డబ్బిచ్చి కొట్లో వదిలేసి వస్తున్నాం.

మన పక్కనే ఏటికొప్పాక ఉంది కదా. హైవే మీద అడ్డరోడ్డు దగ్గర లోపలికి తిరిగితే వరాహ నది పక్కన ఊరు. మొన్నటిదాకా మన జిల్లాయే, 2022లో అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. అక్కడి లక్క బొమ్మలకి 2017లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. వీలైతే పిల్లల్ని ఓసారి తీసుకెళ్ళండి. బొమ్మలు కొని వచ్చెయ్యకుండా లేత్ దగ్గర కాసేపు నిలబెట్టండి. అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే దానికి రంగు లక్క ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో ఒత్తితే నున్నటి మెరుపు. ఆ రంగులూ ఊరికే రావు. పసుపు నుంచి పచ్చన, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలిమందు నుంచి నీలం తీస్తారు. మళ్ళీ ఈ చెట్ల రంగుల దారి పట్టించినందుకే సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. అక్కడ సగం పని రంగు దగ్గరే ఉంది. మన ఇంట్లో రంగంటే పన్నెండు గొట్టాల డబ్బా.

సరే, ఈ కాగితం చూడండి. మామూలు తెల్లకాగితం. నిన్న రాత్రి పసుపు నీళ్ళు పూసి ఆరబెట్టాను. ఈ గ్లాసులో వంటసోడా కలిపిన నీళ్ళు. చీపురు పుల్లకి దూది చుట్టి ముంచి గీస్తున్నా... వెనక వాళ్ళకి కనబడుతోందా? గీసినచోటల్లా ఎర్రబడింది. ఇటుకరాయి రంగులా ఉంది, ఆరితే ఇంకాస్త తెలుస్తుంది. ఇప్పుడు దాని మీద నిమ్మచెక్క రాస్తే మళ్ళీ పచ్చబడుతుంది. నాలుగేళ్ళ పిల్లకి ఇది చూపిస్తే ఆ పూట ఇంట్లో నిమ్మకాయ మిగలదు.

పెద్దమ్మగారు తల ఊపుతున్నారు. ఆవిడకి తెలియక కాదు. పెళ్ళికూతురు గుమ్మంలోకి రాగానే దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఎలా చేస్తామండీ? పసుపు నీళ్ళలో ఇంత సున్నం. కాళ్ళకి రాసే పారాణీ అదే. పసుపుకి క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే వెనక్కొస్తుంది. పిల్లలకి మాత్రం సున్నం ఇవ్వకండి, కంట్లో పడితే ప్రమాదం. సోడా చాలు, సబ్బునీళ్ళయినా సరే. పెరట్లో శంఖుపూలుంటే వేణ్ణీళ్ళలో వేసి నీలం రంగు తియ్యండి. దాంట్లో నిమ్మరసం పడితే ఊదాగా మారుతుంది. పేర్లూ సూత్రాలూ వాళ్ళకి ఇప్పుడే చెప్పక్కర్లేదు. హైస్కూల్లో ఎలాగూ చెబుతారు, బోరు కొట్టేలా.

పిండి బొమ్మల సంగతి. ఒక కప్పు మైదా, అరకప్పు మెత్తటి ఉప్పు, రెండు చెంచాల నూనె, చపాతీ పిండికి పోసినట్టు చూసుకుంటూ నీళ్ళు. ఇది ఇంటర్నెట్లో అందరూ చెప్పేదే. వాళ్ళు చెప్పనిది, మన ఊళ్ళో ఈ పిండి చెమటలు పడుతుంది. ఉప్పు గాలిలో తేమని లాగేస్తుంది, మనకేమో గుమ్మంలోనే సముద్రం. ఉదయం ఏనుగు చేసి కిటికీలో పెడితే సాయంత్రానికి తొండం జారి పాదాల మీద ఉంటుంది. పిల్లాడు ఏడుస్తాడు, మనం బాగా పిసకలేదు కాబోలు అనుకుంటాం. మీ తప్పేం లేదు. పిండిని మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి, తియ్యగానే గుప్పెడు పొడిపిండి అద్దండి. బొమ్మ దాచుకోవాలంటే ఎండాకాలం మిట్టమధ్యాహ్నం డాబా మీద పెట్టండి. వానాకాలమైతే ఆశ వదిలెయ్యండి, మళ్ళీ ముద్ద చేసి ఇంకో బొమ్మ చేసుకోండి. రంగుకి పసుపు, బీట్‌రూట్ రసం, పాలకూర రసం సరిపోతాయి. ఇంత ఉప్పు కడుపులోకి పోకూడదు. ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకైతే ఉప్పు లేని చపాతీ పిండి ముద్దే ఇవ్వండి.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో తల్లిదండ్రుల రోజుకి పిల్లలందరిచేతా కాగితం చేపలు చేయించాను. ఇరవై ఎనిమిది చేపలు. ఒకదానికి కన్ను తోక దగ్గర, ఒకదానికి మూడు కళ్ళు, ఒకటి అసలు చేపలాగే లేదు. పెద్దవాళ్ళు చూస్తారే అని టెన్షన్ పట్టుకుంది. రాత్రి తొమ్మిదిదాకా కూర్చుని అన్నిటి కళ్ళూ పీకి మళ్ళీ అంటించాను, తోకలు సమంగా కత్తిరించాను. పొద్దున్నకి ఇరవై ఎనిమిదీ ఒకే వైపు చూస్తూ గోడ మీద వరసగా ఈదుతున్నాయి. అందరూ మెచ్చుకున్నారు. ఒక పాప మాత్రం వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని గోడ ఈ చివర్నించి ఆ చివరికి రెండుసార్లు నడిచింది. "మిస్, నా చేప ఏది?" అంది. చూపిద్దామని లేచాను. ఏదో నాకూ తెలియలేదు.

అప్పట్నించి పిల్లల పని మీద చెయ్యి వెయ్యలేదు. వెయ్యాలనిపిస్తే ఈ రెండు చేతుల మీదా కూర్చునేదాన్ని. నిజంగానే, కుర్చీలో.

కత్తెర గురించి చాలామంది అడుగుతారు. మూడేళ్ళ పిల్లలకి ముందు చించడం నేర్పండి. పాత న్యూస్‌పేపర్ ఇవ్వండి చాలు. పైనుంచి కిందికి చించితే తిన్నగా వస్తుంది, అడ్డంగా చించితే ఎటో పోతుంది. మీరు చెప్పకండి, వాళ్ళే కనిపెడతారు. కనిపెట్టిన రోజు మీ ఇంట్లో పేపర్ దాచుకోండి. ఆ చించిన పీలికలు ఈ మైదా జిగురులో ముంచి, గాలి ఊదిన బుడగ చుట్టూ పొరలు పొరలుగా అంటించి, రెండు రోజులు ఆరనిచ్చి బుడగ పగలగొడితే గట్టి డిప్ప వస్తుంది. అది టోపీయా, గిన్నెనా, తాబేలు వీపా అనేది వాళ్ళిష్టం.

కొబ్బరాకు మనకి కొదవా? ఒక రెమ్మ తీసి ఈనె వేరు చెయ్యండి. మెత్తటి ఆకుని వేలి చివరంత సన్నంగా చుట్టడం మొదలుపెట్టి, ప్రతి చుట్టూ కొద్దిగా కిందికి జరుపుతూ పోతే మూతి వెడల్పవుతుంది. చివరి చుట్టు విడిపోకుండా ఇందాకటి ఈనె ముక్కే గుచ్చాలి. సన్నటి కొసని పళ్ళతో కాస్త నొక్కి ఊదితే బూర. మొదటిసారి ఊదితే తుస్సుమంటుంది. నాకిప్పటికీ రెండింటిలో ఒకటి తుస్సే. మా నాన్న చేస్తే వీధి చివరిదాకా వినబడేది. ఇక్కడున్న తాతగార్లలో సగంమందికి ఆకు వాచీ, ఆకు కళ్ళజోడు చెయ్యడం వచ్చే ఉంటుంది. వాళ్ళని అడగండి, వీడియోలు వెతక్కండి.

హుద్‌హుద్ తుఫాను గుర్తుందిగా, 2014 అక్టోబరు 12. ఆ తర్వాత మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. నాలుగేళ్ళ మా పెద్ద మనవడు అప్పుడు నా దగ్గరే ఉన్నాడు. వాకిట్లో ఎక్కడ చూసినా విరిగిన కొమ్మలే. వాడు జానెడేసి పుల్లలు ఏరుకొచ్చాడు. చపాతీ పిండి ముద్దలు నేల మీద పెట్టి పుల్లలు గుచ్చి, "బీచ్ రోడ్" అన్నాడు. అగ్గిపెట్టెలు ఇళ్ళు. తర్వాత విసనకర్ర తెచ్చి రెండు చేతులా విసిరాడు. అన్నీ పడిపోయాయి. మళ్ళీ ఒక్కొక్కటే నిలబెట్టాడు, మళ్ళీ విసిరాడు. మూడు రోజులు అదే ఆట. నాలుగో రోజు విసనకర్ర నా చేతికిచ్చి, "నువ్వు విసురు, నేను పట్టుకుంటా" అని చెట్ల చుట్టూ చేతులు అడ్డం పెట్టాడు.

మరో మాట, ఇది మాత్రం గట్టిగా చెబుతాను. బొమ్మల కళ్ళకి గురివింద గింజలు వాడకండి. మట్టి వినాయకుడికి అవే పెడతాం, ముద్దుగా ఉంటాయి. నమిలితే మాత్రం ఒక్క గింజ కూడా పిల్లల ప్రాణం మీదికి తేగలదు. పచ్చగన్నేరు కాయలూ అంతే. మిరియం పెట్టండి, కాగితం చుక్క పెట్టండి. మూడేళ్ళలోపు పిల్లల దగ్గరైతే మిరియమూ వద్దు, పూసలూ బటన్లూ వద్దు. పాడైన బొమ్మల్లోంచి తీసిన గుండ్రటి చిన్న బ్యాటరీలు ఏ వయసు పిల్లల దగ్గరా ఉండకూడదు. ఇంకోటి, పోస్టర్లు అంటించేవాళ్ళు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. మనకి అది వద్దు, విషం. మన జిగురు ఈ ఉక్కలో ఒక్క రోజుకే పులుస్తుంది, పులిస్తే పారబోసి మళ్ళీ చేసుకుందాం. ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు ఆగుతుంది.

మట్టి కావాలంటే కుమ్మరివాళ్ళ దగ్గర అడగండి, ముద్దగా దొరుకుతుంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల నుంచి సంచుల్లో తెచ్చుకునేవాళ్ళని చూశాను. అవి వేల ఏళ్ళుగా పేరుకున్న ఇసుక దిబ్బలు, భూవారసత్వ స్థలంగా గుర్తించినవి. పిల్లల్ని చూడ్డానికి తీసుకెళ్ళండి, మట్టి అక్కడే ఉండనివ్వండి.

ఆ... జిగురు అయింది. దించేశాను. పెద్దవాళ్ళంతా పది నిమిషాలు కుర్చీల్లోనే ఉండండి, ఫోటోలు తర్వాత. న్యూస్‌పేపర్లు ఆ బల్ల మీద ఉన్నాయి. పిల్లలూ, ఒక్కొక్కరే రండి. బాబూ, గిన్నె ఇంకా వేడిగా ఉంది, అటు పక్కనుంచి రా.