సీసా మీద గంజాయి ఆకు, లోపల గింజల నూనె

నమస్కారం. ఒడిశాలోని బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈ సీసా మీది బొమ్మ చూడండి: ఏడు వేళ్ల పచ్చని ఆకు. ఎండ తగలకుండా రాసుకునే క్రీము ఇది. గంజాయి కలిపిన క్రీమును బాహాటంగా ఎలా అమ్మనిస్తున్నారని మీరంతా అడుగుతున్నారు. జవాబు వినండి. ఇందులో గంజాయి లేదు!

ఉన్నది గింజల నూనె. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయి అన్నది మొక్క పూత కొసలను, కాయ కొసలను. వాటి నుంచి వేరుచేసిన గింజలు, ఆకులు ఆ నిర్వచనంలోకి రావు. గింజలో మత్తు లేనట్టే. నూనె గింజది అయినప్పుడు గింజ బొమ్మే వేయవచ్చు కదా? వేయరు. గింజను చూస్తే ఎవరి గుండే ఝల్లుమనదు. వాళ్లు అమ్ముతున్నది ఆ ఝల్లుమనడాన్నే!

పోనీ, ఎండను ఆపేది ఆ నూనేనా? సీసా వెనక్కి తిప్పండి. జింక్ ఆక్సైడ్ లాంటి పేరు ఏదో ఒకటి కనిపిస్తుంది. పని చేసేది అది. పేరు మాత్రం ఆకుకు!

ఇది కొత్త ఎత్తు కాదు. 1977లో ఈవ్ సాన్ లోరాన్ సంస్థ ఒక అత్తరుకు ‘ఓపియం’ అని పేరు పెట్టింది. ఓపియం అంటే నల్లమందు. ఆ మందు మా జాతిని కుళ్లబొడిచిందని అమెరికాలోని చైనీయులు వీధికెక్కారు. అయినా పేరు పోలేదు. 2014లో ‘బ్లాక్ ఓపియం’ కూడా వచ్చింది. అందులో గుప్పుమనేది ఏమిటో తెలుసా? కాఫీ! మన వంటింటి కాఫీ వాసన!

ఇటు మల్కనగిరి, కోరాపుట్ కొండల వైపు చూడండి. 20 కిలోలకు మించి గంజాయి మోస్తూ దొరికితే శిక్ష కనీసం 10 ఏళ్లు. దొరికేది మూట మోసిన కుర్రవాడు. అదే ఆకు బొమ్మ మీద డబ్బు చేసుకునేవారికి ఏ భయమూ లేదు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

మా గంజాం జిల్లాలో మొగలి ఉంది. ఛత్రపురం, చికిటి వైపు చేల గట్ల మీద ముళ్ల పొదలు. సువాసన ఇచ్చేది మగపువ్వే. వానాకాలంలో తెల్లవారేలోపు కోసి, రాగి బానల్లో నీళ్లు పోసి కాచి, ఆ ఆవిరిని గంధపు నూనెలో పడితే అత్తరు. అమ్మమ్మ జడలో ఒక్క రేకు పెట్టుకుంటే ఇల్లంతా తెలిసేది. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన సరుకు ఇది. ఇంతా చేస్తే దానిలో ఎంతో భాగం చేరేది పాన్ మసాలాలోకి, జర్దాలోకి! మొగలికి చెడ్డపేరు లేదు, అందుకే సీసా మీద చోటు దొరకలేదు. ఇదే నా వాదన, ఎవరు కాదన్నా మార్చుకోను.

మీ ఊరి అంగడిలో మొగలి పువ్వు బొమ్మ వేసిన ఎండ క్రీము సీసా ఒక్కటి కనిపించినా, ఫొటో తీసి నాకు పంపండి.